మిద్దె మీది కెమెరా



పోయిన నెల పుంగనూరు వైపు నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా అప్పుల గురించో, అత్తాకోడళ్ల గురించో, తాగుడు గురించో ఉంటాయి. ఇది వేరు. ఆమె మాటలు కొంచెం కుదించి ఇక్కడ వ్రాస్తున్నాను.

"అయ్యగారూ, మా వాడు డిగ్రీ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికి వస్తే రాత్రంతా మిద్దె మీదనే. ఎవరి దగ్గరో పాత టెలిస్కోపు కొని దానికి కెమెరా తగిలించి, ఆకాశంలో ఉన్న పొగను ఫొటో తీస్తున్నాను అంటాడు. నన్నూ చూడమన్నాడు. చూస్తే బూడిద రంగు మరక తప్ప ఏమీ లేదు. తెల్లారి కంప్యూటరులో చూపించాడు, ఎర్రటి పువ్వులాగ ఉంది. కంటికి బూడిద, కెమెరాకు ఎరుపు. ఇందులో ఏది నిజం? మా వీధిలో ఒకామె తన ఫోనులో ఇటువంటి బొమ్మే చూపించి, ఇది పరలోకపు ఫొటో అంది. మా వాడు నవ్వాడు. ఆమె నొచ్చుకుంది. వాళ్ల నాన్నేమో ఆ గొట్టం అమ్మేసి ఫీజు కట్టమంటున్నాడు. మీరేమంటారు?"

ఈ తల్లి అడిగింది చిన్న ప్రశ్న కాదు. కంటికి కనబడనిది బొమ్మలో కనబడితే దాన్ని నమ్మవచ్చా అని అడుగుతున్నారు. ప్రతి ఇంట్లో ఫోనులోకి రోజుకు వంద బొమ్మలు వచ్చిపడే ఈ కాలంలో ఇది అందరూ అడగవలసినదే.

మొదట ఆ పొగ సంగతి చూద్దాం. మృగశిర కార్తె, ఆరుద్ర కార్తె తెలియని రైతు మనలో లేడు. జూన్ నెలలో వాన కొరకు ఎదురుచూస్తూ ఆ పేర్లు తలుచుకుంటాం. అవి రెండు నక్షత్రాల పేర్లు. ఆ కార్తెల్లో సూర్యుడు ఆ చుక్కల దిక్కుననే ఉంటాడు గనుక అవి మనకు కనబడవు. ఆరు నెలలు గడిచి క్రిస్మస్ వచ్చేసరికి సూర్యుడు ఎదుటి వైపుకు చేరుకుంటాడు. అప్పుడు పొద్దుగూకగానే అవి తూర్పున లేస్తాయి. ఆ ప్రాంతంలో వరుసగా నిలిచిన మూడు చుక్కలను చిన్న పిల్లలు కూడా గుర్తుపట్టగలరు. ఇంగ్లీషువారు ఆ గుంపును ఒరాయన్ అంటారు. యోబు గ్రంథం 9, 38 అధ్యాయాల్లో కృత్తికతో కలిపి, ఆమోసు 5వ అధ్యాయంలోను మృగశీర్షమని మనం చదివేది ఈ గుంపు గురించే. కృత్తికను మన పల్లెల్లో పిల్లలకోడి అంటారు.

ఆ మూడు చుక్కలకు దక్షిణంగా, వేలాడదీసినట్టు, మరి మూడు మసక చుక్కలుంటాయి. వాటిలో నడిమిది చుక్క కాదు. అది నీహారిక. నెబ్యులా అని కూడా అంటారు. వాయువు, ధూళి కలిసిన పెద్ద మేఘం. మన నుండి సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఈ రాత్రి మన కంటికి చేరే దాని వెలుగు, వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజుల్లో బయలుదేరింది. ఈ పక్కనుండి ఆ పక్కకు పోవడానికి వెలుగుకే ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది. దాని నడుమ కొత్తగా పుట్టిన నక్షత్రాలు నాలుగు దగ్గరదగ్గరగా ఉన్నాయి. వాటిలో పెద్దదాని తీవ్రమైన వేడి వల్లనే ఆ మేఘమంతా వెలుగుతోంది.

దీన్ని చూడడానికి మన ప్రాంతం మంచిది. లండనువారికి అది ఎంత పైకి వచ్చినా 33 డిగ్రీల ఎత్తు దాటదు. కుప్పంలో 72 డిగ్రీల దాకా, ఇంచుమించు నడినెత్తికి వస్తుంది. ఎంత పైన ఉంటే అంత తక్కువ గాలి, అంత తక్కువ దుమ్ము అడ్డం. సంక్రాంతి రోజుల్లో రాత్రి పది దాటాక, ఫిబ్రవరి నడుమైతే ఎనిమిది దాటాక అది అక్కడికి చేరుతుంది. నవంబరులో తమిళనాడు వానలు మన మీద కూడా మబ్బులు పరుస్తాయి గనుక జనవరి, ఫిబ్రవరి నెలలే అనుకూలం.

ఇక బూడిద, ఎరుపు సంగతి.

అమ్మా, చీకటి పడ్డాక దీపం లేకుండా పెట్టె తెరిచి చూడండి. ఎర్ర చీర, పచ్చ చీర రెండూ ఒకేలా నల్లగా, బూడిదగా ఉంటాయి. చీరల రంగు ఎక్కడికీ పోలేదు. మన కంటిలో రంగులు గుర్తుపట్టే భాగం పని చేయాలంటే కొంత వెలుతురు కావాలి. అది చాలనప్పుడు నలుపు తెలుపు మాత్రమే చూసే భాగం ఒక్కటే మేలుకుని ఉంటుంది. నీహారికను టెలిస్కోపులో చూసినప్పుడు జరిగేది ఇదే.

రెండో సంగతి, కన్ను వెలుగును కూడబెట్టదు. సెకనులో పదో వంతు కాలం వచ్చిన వెలుగును చూసి, దాన్ని వదిలి, మళ్లీ కొత్తగా చూస్తుంది. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీసినవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. చెలమలో ఊరే నీటి కింద దోసిలి పెడితే వేళ్ల సందుల్లో కారిపోతుంది, గొంతు కూడా తడవదు. అదే ఊటను రాత్రంతా ఊరనిచ్చి తెల్లారి ముంచుకుంటే కడవ నిండుతుంది. ఊట అదే, నీరు అదే. కన్ను దోసిలి, కెమెరా కడవ.

ఈ మాట మొదట చేసి చూపినవాడు ఉద్యోగరీత్యా ఖగోళ శాస్త్రవేత్త కాడు. అమెరికాలో హెన్రీ డ్రేపర్ అనే వైద్యుడు 1880 సెప్టెంబరు 30న ఈ నీహారికనే 11 అంగుళాల టెలిస్కోపుతో 51 నిమిషాలపాటు ఫొటో తీశాడు. ప్రపంచంలో నీహారికకు తీసిన మొదటి ఫొటో అదే. మూడేళ్ల తరువాత ఇంగ్లండులో ఐన్‌స్లీ కామన్ అనే ఇంజనీరు, ఇతడూ తీరిక వేళల్లో ఆకాశం చూసినవాడే, 36 అంగుళాల అద్దంతో ఇంకా మంచి ఫొటో తీశాడు. ఎంత పెద్ద టెలిస్కోపులోనుండి చూసినా కంటికి దొరకని నక్షత్రాలు అతని పలక మీద కనబడ్డాయి. పండితుల చేతులు గీసిన బొమ్మలకంటే ఆ గాజు పలక నమ్మదగినదని లోకం ఒప్పుకున్నది ఆ తరువాతే.

ఇక్కడ ఒక చిక్కుంది. 51 నిమిషాలు కెమెరా తెరిచి పెడితే ఆ లోపల భూమి ఊరుకోదు. గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూనే ఉంటుంది. చుక్కలన్నీ గీతలైపోతాయి. మామూలు కెమెరాను స్టాండు మీద కదలకుండా పెడితే ఐదారు సెకన్లకే చుక్క సాగిపోవడం మొదలవుతుంది. టెలిస్కోపుకు తగిలిస్తే సెకను కూడా ఆగదు. అందుకని భూమి తిరిగే వేగానికి సరిగ్గా ఎదురు తిరిగే మరను కాళ్ల మీద బిగించి, దాని ఇరుసును ధ్రువ నక్షత్రం దిక్కుకు గురిపెడతారు. గురి వెంట్రుకవాసి తప్పినా ఫొటో పాడవుతుంది. మన ప్రాంతంలో ఇదొక ఇబ్బంది. కుప్పంలో ధ్రువ నక్షత్రం నేల నుండి పదమూడు డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన ఒక గుట్టో, చింతచెట్టో, పక్కింటి నీళ్ల ట్యాంకో ఉంటే ఇక కనబడదు. ఈ పిల్లవాడు రాత్రంతా మిద్దె మీద ఏం చేస్తున్నాడో అని విసుక్కునే తండ్రికి ఈ సంగతి చెప్పాలి. సగం రాత్రి ఈ గురి కుదర్చడానికే పోతుంది.

ఇప్పుడు గాజు పలకలు లేవు. ఒకే పెద్ద ఫొటో బదులు అరనిమిషం, నిమిషం చొప్పున వంద ఫొటోలు తీసి కంప్యూటరులో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. ఒక్కో ఫొటోలో నీహారిక వెలుగుతోపాటు కెమెరా పుట్టించే చుక్కల రద్దు కూడా ఉంటుంది. నీహారిక ప్రతి ఫొటోలో ఒకే చోట ఉంటుంది. రద్దు ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. వందా కలిపి సగటు తీస్తే రద్దు పదో వంతుకు తగ్గిపోయి నీహారిక నిలుస్తుంది. కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం లాంటిదే. ఒక్క చేటతో పొట్టు పోదు. ఎత్తి పోసిన కొద్దీ పొట్టు గాలికి పోతుంది, గింజ కాళ్ల దగ్గరనే పడుతుంది.

ఇంకొక పని కూడా చేస్తారు. టెలిస్కోపుకు మూత పెట్టి, ఆ చీకటిని కూడా కొన్ని ఫొటోలు తీస్తారు. ఇదేం పిచ్చి అనిపిస్తుంది. మదనపల్లె మార్కెట్టుకు టమోటా తోలినవారు దీన్ని పిచ్చి అనరు. నిండు క్రేటు తూచి, ఖాళీ క్రేటు బరువు తీసేస్తేనే కాయ బరువు తెలుస్తుంది. కెమెరా తనంతట తాను కలిపిన దొంగ వెలుగు ఎంతో మూత పెట్టి తీసిన ఫొటో చెబుతుంది. దాన్ని తీసివేస్తారు. అంటే ఆ పిల్లవాడు బొమ్మకు రంగు పూయడం లేదు. తన పనిముట్టు చెప్పే అబద్ధాన్ని పట్టుకుని తీసివేస్తున్నాడు.

మరి ఆ ఎరుపు ఎవరిది? హైడ్రోజనుది. నడుమనున్న పెద్ద నక్షత్రం నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటికి కనబడవు. అవి తగిలినప్పుడు హైడ్రోజను పరమాణువులు విడిపోతాయి. మళ్లీ కూడుకునేటప్పుడు ఎర్రని వెలుగును విడుస్తాయి. మన ఇంట్లో ట్యూబులైటు లోపల జరిగేది దీనికి దూరపు చుట్టమే. అక్కడ కూడా కంటికి కనబడని కిరణం గొట్టం లోపలి పూతకు తగిలి తెల్లని వెలుగవుతుంది. నీహారికలో ఆక్సిజను కూడా ఉంది, అది పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చని వెలుగు ఎవరిదో తేలక, శాస్త్రజ్ఞులు భూమి మీద లేని మూలకమేదో ఉందని అరవై ఏళ్లు భ్రమపడ్డారు. దానికి 'నెబ్యులియం' అని పేరు కూడా పెట్టేశారు. 1927లో ఐరా బోవెన్ అనే ఆయన అది మనం పీల్చే ఆక్సిజనే అని తేల్చాడు.

నీహారికల్లో కొన్ని చుక్కల గుంపులు కావని, వెలిగే వాయువని మొదట 1864లో ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ కనుగొన్నాడు. వెలుగును పట్టకంలో విడదీసి చూస్తే ఏ మూలకం వెలుగుతోందో తెలిసిపోతుంది. నాలుగేళ్లు గడిచాయి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గుంటూరు మీదుగా వెళ్లింది. ఫ్రాన్సు నుండి జాన్సెన్ గుంటూరు వచ్చి, కప్పబడిన సూర్యుని అంచున ఎర్రగా ఎగసిన జ్వాలలను పట్టకంలో చూసి, అవి వెలిగే హైడ్రోజనేనని తేల్చాడు. టెన్నంట్ అనే సైనికాధికారి బృందం అదే గుంటూరులో గ్రహణాన్ని ఫొటోలు తీసింది. ఆనాడు గుంటూరులో కనబడిన ఎరుపు, ఈనాడు పుంగనూరు మిద్దె మీద కెమెరాకు చిక్కిన ఎరుపు ఒకే హైడ్రోజనుది.

ఆ ముదురు ఎరుపును మామూలు కెమెరా చాలా మటుకు లోపలికి రానివ్వదు. పెళ్లి ఫొటోల్లో ముఖాలు సహజంగా రావడానికి లోపల ఒక అద్దం అడ్డం పెడతారు. నీహారికల ఫొటోలు తీసేవారు కొందరు దాన్ని తీయించుకుంటారు.

కంటికి కనబడలేదు గనుక అబద్ధం అనేవారికి మన ప్రాంతంలోనే జవాబుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. మన పెద్దలెందరో క్షయతో అక్కడికి వెళ్లినవారే. ఛాతీకి తీసిన ఎక్స్‌రే ఫిల్ములో మచ్చ కనబడితే, నా కంటికి కనబడలేదు గనుక నేను నమ్మను అని ఎవరూ లేచి రాలేదు. మందు తిన్నారు, బ్రతికారు.

ఇప్పుడు పరలోకపు ఫొటో. ఇది నేను మెల్లగా చెప్పవలసిన మాట, ఎందుకంటే పంపేవారు భక్తితోనే పంపుతారు. 1994లో అమెరికాలో వీక్లీ వరల్డ్ న్యూస్ అనే పత్రిక, హబుల్ టెలిస్కోపు పరలోకాన్ని ఫొటో తీసిందని ఒక బొమ్మ అచ్చువేసింది. గ్రహాంతరవాసుల కథలు, వింత జంతువుల కథలు కల్పించి అమ్ముకునే పత్రిక అది. అటువంటి ఫొటోను హబుల్ ఎన్నడూ తీయలేదు. అయినా ఆ కథ కరపత్రాల్లోకి, ప్రసంగాల్లోకి, ఇప్పుడు ఫోనుల్లోకి ఎక్కి ముప్పై ఏళ్లయినా తిరుగుతూనే ఉంది. ఈ మధ్య కృత్రిమ మేధతో ఎవరైనా కూర్చున్నచోటే ఎటువంటి ఆకాశాన్నైనా సృష్టించవచ్చు. కొన్ని ఫోనులు చంద్రుణ్ణి తీస్తే లేని గీతలను తామే కలుపుతున్నాయని 2023లో పెద్ద చర్చ జరిగింది.

అందువల్ల బొమ్మ అందాన్ని బట్టి దాన్ని నమ్మకండి. తీసినవాణ్ణి అడగండి. ఏ రాత్రి తీశావు? ఎక్కడినుండి? ఎన్ని ఫొటోలు, ఒక్కొక్కటి ఎన్ని సెకన్లు? తరువాత ఏమేమి మార్చావు? నిజంగా తీసినవాడు వీటికి తడుముకోకుండా జవాబు చెబుతాడు. మార్చింది కూడా చెబుతాడు. ఈ పని చేసేవారిలో మంచి అలవాటొకటి ఉంది, ఫొటో కింద ఈ లెక్కలన్నీ వ్రాస్తారు. వేరొకరు అదే రాత్రి వేరే ఊరినుండి తీసి సరిచూడవచ్చు. పరలోకపు ఫొటో పంపిన ఎవరూ ఈ ప్రశ్నల్లో ఒక్కదానికి జవాబు చెప్పలేదు. అయితే ఆ యౌవనస్థునికి కూడా ఒక మాట. పక్కింటామెను చూసి నవ్వడం తగదు. ఆమెను మిద్దె మీదికి పిలిచి చూపిస్తే సరిపోయేది.

ఎరుపు మరీ ఎక్కువ చేసి, లేని నీలం పోసి, ఫొటోను రంగుల పటం చేసేవారు కూడా ఉన్నారు. అది నాకు నచ్చదు. ఉప్పు రుచి కోసమే గాని కూరంతా ఉప్పు చేయడానికి కాదు గదా.

తండ్రి అడిగేది వేరు. దీనివల్ల లాభమేమిటి? న్యాయమైన ప్రశ్నే. డబ్బు లెక్క చూస్తే లాభం లేదు, ఖర్చే. నేను చూసిన యౌవనస్థుల్లో ఇది వ్యసనంలా పట్టుకుని ఒకదాని వెంట ఒకటి సామాను కొని అప్పులపాలైనవారు ఉన్నారు. అది మాత్రం కూడదు. కాని లాభమనేది ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో చెప్పలేము. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో వేధశాల కట్టించుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి, 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యుని అడ్డంగా దాటిన వింతను అక్కడినుండి చూసి లెక్కలు కట్టారు. హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ 1901లో 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి వేధశాల పెట్టారు. ఆయనకది సరదా. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని గాజు పలకల మీద ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక వేసినప్పుడు, అందులో ఒక భాగం హైదరాబాదు వంతు అయింది. లక్షల నక్షత్రాలను అక్కడ కూర్చుని కొలిచారు.

ఆ నిజామియా వేధశాలలో పని చేసే ఉద్యోగి ఒకాయనకు ఒక కుమారుడు. ఆ పిల్లవాడు అక్కడే తిరుగుతూ పెరిగి, నిజాం కళాశాలలో చదివి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో హార్వర్డు వెళ్లాడు. 1949 జూలైలో తాను తీసిన ఫొటో పలక మీద కొత్త తోకచుక్కను కనుగొన్నాడు. ఆయనే వైను బాప్పు. హార్వర్డులో ఆయన అడుగుపెట్టిన వేధశాలకు మొదట నేను చెప్పిన డ్రేపరుతో సంబంధముంది. డ్రేపరుకు భార్య ఆనా రాత్రులందు పక్కనుండి పలకలు సిద్ధం చేసేది. అతడు 1882లో నలభై ఐదేళ్లకే చనిపోయాడు. ఆమె అతని పనిముట్లను, తన డబ్బును హార్వర్డుకిచ్చి ఆ పని ఆగకుండా చూసింది. ఆనీ కానన్ అనే స్త్రీ రెండు లక్షలకు పైగా నక్షత్రాలను తరగతులుగా విడదీసిన పట్టిక ఆ ధనముతోనే వెలువడింది. భర్త పిచ్చిని చూసి విసుక్కోకుండా రాత్రి పక్కన నిలబడిన భార్య పని ఎంతదూరం వచ్చిందో చూడండి.

బాప్పు తిరిగివచ్చాక దక్షిణాదిలో చీకటి కొరకు వెదికి, జవ్వాది కొండల్లో కావలూరును ఎంచుకున్నారు. అది మనకు దూరం కాదు. కుప్పం నుండి నేరుగా గీత గీస్తే సుమారు 55 కిలోమీటర్లు, వాణియంబాడి అవతల. 1972లో అక్కడ ఒక మీటరు టెలిస్కోపు నిలిచింది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని బయటపడిన రాత్రి, ఆ గుర్తులు కావలూరు టెలిస్కోపుకూ దొరికాయి. బాప్పు 1982లో మరణించారు. ఆయన తలపెట్టిన 2.3 మీటర్ల టెలిస్కోపు 1986 జనవరిలో పని మొదలుపెట్టింది. దానికి ఆయన పేరే పెట్టారు.

శాస్త్రజ్ఞులు ఊళ్లు తిరిగి వెదుక్కున్న ఆ చీకటి మన పొలాల మీద ఉచితంగా ఉంది. ఉండేది అనాలేమో. కావలూరు చుట్టుపక్కల పట్టణాల వెలుతురు ఏటేటా పెరుగుతోంది. మన వైపూ అంతే. వీధి దీపాలు తెల్లని ఎల్‌ఈడీలు అయ్యాయి. రోడ్డు పక్క డాబాలు, క్వారీలు, కల్యాణమండపాలు రాత్రంతా ఆకాశంలోకి వెలుగు చిమ్ముతున్నాయి. కెమెరా తెరిచి కూర్చున్నవాడికి ఆ వెలుగు కడవలో మురికి నీరు కలిసినట్టే. నీహారిక ఊట నెమ్మది, ఊరి వెలుతురు వరద.

దీపాలు వద్దని నేను చెప్పను. కౌండిన్య అడవి నుండి ఏనుగులు దిగే ఊళ్లలో మంచె మీద కాపలా కాసే రైతుకు దీపం ప్రాణం. పాముల భయం, ఆడపిల్లల భద్రత ఉన్నాయి. అయితే దీపం నేలమీద పడాలి గదా, మేఘాల మీద పడి ఎవరికి మేలు? లడఖులో హన్లే అనే చోట 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతం ఏర్పాటు చేశారు. అక్కడి ఊళ్లవారు దీపాలకు మూతలు పెట్టుకున్నారు, కిటికీలకు తెరలు కట్టుకున్నారు. కొందరికి టెలిస్కోపులిచ్చి, వచ్చినవారికి ఆకాశం చూపడం నేర్పారు.

మా సంఘములోనే ఈ సంగతి కమిటీ దాకా వచ్చింది. గోపురం మీది సిలువకు కింద నుండి పైకి కొట్టే పెద్ద దీపం రాత్రంతా వెలుగుతుండేది. దానికి రేకు మూత వేసి, రాత్రి పదిన్నర తరువాత ఆర్పాలని యౌవనస్థులు అడిగారు. సిలువ చీకట్లో ఉండడమేమిటని పెద్దలు ఇద్దరు గట్టిగా అడ్డు చెప్పారు. వారి బాధ నాకు అర్థమైంది, ఆ దీపం పెట్టించడానికి చందా పోగుచేసినవారు వారే. రెండు నెలలు వాదన నడిచింది. చివరికి మూత వేయడానికి ఒప్పుకున్నారు, ఆర్పడానికి మాత్రం ఒక్క అమావాస్య వారానికే. ఆ వారంలో ఆవరణలో నిలబడితే ఆ మూడు మసక చుక్కల్లో నడిమిది, టెలిస్కోపు లేకుండానే, పొగలా కనబడింది. అడ్డు చెప్పిన పెద్దాయన దాన్ని చూడడానికి కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకున్నారు. ఇప్పటికీ పూర్తిగా ఆర్పే మాటకు ఆయన ఒప్పుకోలేదు.

అమ్మా, మీ ప్రశ్నకు. గొట్టం ఇప్పుడే అమ్మవద్దని మీ ఆయనకు నా మాటగా చెప్పండి. ఫీజు ముందు కట్టాలి, అందులో రెండో మాట లేదు. పరీక్షలకు నెల ముందునుండి టెలిస్కోపు పెట్టెలోనే ఉండాలి. కొత్త సామాను కావాలంటే వాడే సంపాదించి కొనుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక హెచ్చరిక, పగలు ఆ గొట్టాన్ని సూర్యుని వైపు తిప్పి చూస్తే క్షణంలో కన్ను పోతుంది. పగటిపూట మూత వేసి, దాన్ని పిల్లలకు అందకుండా పెట్టించండి.

వచ్చే అమావాస్య దాటకముందే మీరూ, మీ ఆయనా కలిసి మిద్దె ఎక్కండి. దీపాలన్నీ ఆర్పి, ఫోను తీయకుండా, అరగంట చీకట్లో కూర్చోండి. కన్ను చీకటికి అలవాటు పడడానికి అంత సేపు కావాలి. గొట్టంలో చూసేటప్పుడు ఆ మరకను సూటిగా చూడకండి, చూపు కొంచెం పక్కకు పెట్టండి. మసక వెలుగును మన కంటి అంచు బాగా పట్టుకుంటుంది. అప్పుడు బూడిద రంగులోనే రెక్కలు విప్పినట్టు కనబడుతుంది, నడుమ నాలుగు చిన్న చుక్కలూ కనబడతాయి. ఆ తరువాత మీ కుమారుణ్ణి ఒక్కొక్క ఫొటో గురించి నేను పైన వ్రాసిన ప్రశ్నలు అడగండి. జనవరి రాత్రులు మంచు బాగా పడుతుంది, అద్దానికి చెమ్మ పడితే ఫొటో రాదు. గొట్టం మూతికి అట్టతో పొడుగాటి గొడుగులా చుట్టమనండి. మీకు మాత్రం రెండు దుప్పట్లు కావాలి.